చూస్తే తరిగే గాదె

గుట్ట కింద జంతువుల ఉమ్మడి గాదెకి కంప్యూటర్ బిగించారు. దాని మీటలకి పేర్లు పెట్టడంలో దొడ్డంతటికీ ఒకటే కట్టుబాటు. 'గెట్' అని మొదలైతే చూడ్డానికి. లోపల గింజలెన్నున్నాయో చెబుతుంది, అంతే. 'సెట్' అని మొదలైతే మార్చడానికి. గింజలు పోస్తుంది, తీస్తుంది. ప్రోగ్రాం రాసేది నక్క సింగన్న. చదివి సరే అనాల్సింది ఎద్దు మైలన్న.

మైలన్న సెట్‌లని అక్షరమక్షరం నెమరేసేవాడు. గెట్‌లని మాత్రం పేరు చూసి తలూపేసేవాడు. చూస్తే పోయేదేముందని ఆయన ధీమా.

ఎండలు ముదరకముందే వేరుశనగ గింజలు సగానికి పడ్డాయి. కోడి పోలమ్మ పన్నెండు పిల్లల్ని వెంటేసుకుని లబోదిబోమంటూ వచ్చింది.

"మైలన్న మావా, వానలొచ్చేదాకా నా పిల్లలకి ఇవే ఆధారం. సెట్ మీట ఎవరూ ముట్టలేదు. మరెట్టా తరిగినాయి?"

"ఎలకల పనేమో అత్తా" అన్నాడు సింగన్న. "గెట్ నొక్కి రోజుకి పదిసార్లు చూసుకుంటా ఉండు. కనిపెట్టి ఉంటే ఎక్కడికి పోతాయి?"

పోలమ్మ భయం కొద్దీ ఇరవైసార్లు చూసింది. గింజలు ఇంకా తొందరగా తరిగాయి.

మైలన్నకి అనుమానమొచ్చింది. గెట్ నొక్కాడు. నాలుగు వందల శేర్లంది. అక్కడే నిలబడి మళ్లీ నొక్కాడు. శేరు తక్కువ. అప్పుడు కూర్చుని మొదటిసారి ఆ గెట్‌ని లోపలిదాకా చదివాడు. నొక్కినప్పుడల్లా ఒక శేరు వెనక గొట్టంలోంచి నక్క బొరియలోకి జారుతోంది. పిల్లల తల్లి దిగులు నక్కకి పంటైంది. తలూపింది తనే కదా అని మైలన్న సిగ్గుతో చితికిపోయాడు.

మర్నాడు పొద్దున్నే అందరినీ గాదె దగ్గరికి పిలిచాడు.

"సింగన్నా, నీ గెట్ బలే ఉందయ్యా. పొల్లు పోకుండా అదే రాసి నీ బొరియకీ ఒక మీట పెట్టా. గొట్టం మాత్రం ఇటు తిప్పా. నీ సరుకెంతుందో ఒకసారి నొక్కి చూసుకో."

సింగన్న రెండడుగులు వెనక్కేశాడు. "ఇప్పుడెందుకులే మావా. నాకు నమ్మకమే."

"చూస్తే పోయేదేముంది?" అన్నాడు మైలన్న.

సింగన్న చెయ్యి చాపలేదు. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు. పోలమ్మకి సంగతి అర్థమైంది.

"నువ్వాగు అల్లుడా, మేం చూసిపెడతాం" అని మీట మీద ముక్కుతో పొడిచింది. గాదెలో శేరు గింజలు రాలాయి. వెనకే పన్నెండు పిల్లలూ వరసకట్టి టకటకా పొడిచాయి. మధ్యాహ్నానికి గాదె నిండింది, బొరియ ఊడ్చినట్టయింది.

నీతి: పేరు చూసి తలూపకు, పని చదివి తలూపు.