వెనక కూర్చున్నాయన

మా కాశింస్వామికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే అప్పటికప్పుడు జవాబు చెప్పేవాడు కాదు. మూట మోసుకొచ్చిన వాడికి దించుకునే చోటు చూపించినట్టు, నేల మీద ఒక మూలకు వేలు చూపించి, "దాన్ని అక్కడ పెట్టు" అనేవాడు. అడిగినవాడు అక్కడ నిజంగానే ఏదో పెట్టినట్టు ఆ మూలకేసి చూసి, తల గోక్కుంటూ వెళ్ళిపోయేవాడు. జవాబు ఒక్కోసారి ఆ పూటే వచ్చేది. ఒక్కోసారి ఏడాది పట్టేది. కొందరికి అసలు రాలేదు. రానివాళ్ళు, స్వామికే ఏమీ తెలియదని చెప్పుకుంటూ తిరిగారు. వాళ్ళ పేర్లు నాకు బాగా గుర్తున్నాయి గాని, ఇక్కడ వాటికి చోటివ్వను.

స్వామి దూదేకుల ఇంట పుట్టాడు. పరుపులు కుట్టి బతికాడు. తంబుర మీటి తత్వం ఎత్తుకుంటే మాత్రం ఏ కులంవాడైనా వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చోవలసిందే. ఏటా వైశాఖంలో మా మిట్టపల్లెలో గురుపూజ చేస్తాం. ఆయనను ఆయన ఊరి నుంచి పిలుచుకొస్తాం. మొదట్లో ఎద్దులబండి కట్టేవాళ్ళం. ఎద్దులు పోయాక ఆ పని ఓబులేసు బుల్లెట్టుకు దక్కింది.

పిలుచుకొచ్చేదానికి నియమాలున్నాయి. గురువును ఎక్కించుకున్నవాడు చెప్పులు తొడగకూడదు. గురువు కాలు దోవలో ఎక్కడా నేలకు తగలకూడదు, మండపంలో వేసిన పీట మీదే ఆనాలి. ఊరి మొదట్లో ఆడవాళ్ళు బిందెలతో ఎదురొచ్చి బండి ముందర నీళ్ళు వారబోసి హారతి ఇస్తారు. అది ముగిసేదాకా బండి కదలకూడదు, ఇంజనూ ఆగకూడదు. ఎద్దులనాడు కాడి దించకూడదనేవాళ్ళం, అదే ఇది. ఈ నియమాలు స్వామి పెట్టినవి కావు. పెద్దవాళ్ళం నలుగురం కూర్చుని పెట్టుకున్నవి. సరిగానే పెట్టాం.

ఈ ఓబులేసు లారీ నడిపినవాడు. మా తిప్పన్న చిన్నకొడుకు. పెద్దకొడుకు పుల్లన్న మా భజనలో మద్దెల వాయిస్తాడు. తిప్పన్న కాలం చేసిన రోజు ఓబులేసు షోలాపూరు దోవలో ఉన్నాడు. నేను వచ్చేదాకా ఉంచండి అని ఫోనులో ఏడ్చాడు. ఎండలు మండుతున్నాయి, పెద్దలు తొందరపెట్టారు, పుల్లన్న ఉంచలేకపోయాడు. ఓబులేసు వచ్చేసరికి గుంత పూడ్చేశారు, పైన చల్లిన నీళ్ళు ఇంకా ఆరలేదు. నా చేతి మట్టి మా నాయనకు దక్కలేదు గదా అని వాడు ఆ తడి దిబ్బ మీద బోర్లా పడి ఏడ్చిన ఏడుపు ఊరంతా విన్నది. ఆ రోజు నుంచి అన్నతో మాట లేదు. ఒకే వీధి, ఒకే గురువు, ఒకే భజన. ఒకడు మద్దెల పక్కన కూర్చుంటే ఇంకొకడు పోయి వాకిలి దగ్గర కూర్చుంటాడు. పుల్లన్న కూతురి పెండ్లి పెట్టుకున్నాడు. చిన్నాయన లేకుండా పందిట్లో కూర్చోనని ఆ పిల్ల మొండికేసింది. పెండ్లి ఇంకో వారం ఉందనగా గురుపూజ వచ్చింది.

ఆ పొద్దున ఓబులేసు స్వామి ఇంటికి పోయి, రాగిజావ తాగుతున్న ఆయన ముందర చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఏమడిగాడో తర్వాత నాకు వాడే చెప్పాడు.

"స్వామీ, పట్టుకున్నదాన్ని వదలమని తత్వంలో పాడతారు. మా అన్న మీద కోపం నా కోసం పట్టుకున్నది కాదు. మా నాయన కోసం పట్టుకున్నా. నేనూ వదిలేస్తే ఆయన పక్షాన ఎవరుంటారు? ఇంకొకరి కోసం పట్టుకున్నదాన్ని కూడా వదలాల్నా?"

స్వామి జావగిన్నె కింద పెట్టి, మూతి తుడుచుకొని, గుమ్మం పక్కకు వేలు చూపించాడు. "దాన్ని అక్కడ పెట్టు. బండి తియ్. ఎండ ఎక్కుతాంది."

స్వామి పంచె కట్టేవాడు కాబట్టి వెనక సీటు మీద ఒక పక్కకే, ఎడమ వైపుకు కాళ్ళు వేలాడేసి కూర్చునేవాడు. అట్లా కూర్చునే ఇరవై ఊర్లు దాటి వచ్చారు. ఓబులేసుకు తన నడుపుడు మీద గర్వం. ఘాటు దిగినా బండి తొణకదని చెప్పుకుంటాడు. అది నిజమే. నడిచేటప్పుడు తొణకదు.

ఊరి మొదట్లో మేమంతా తాళాలతో ఎదురు నిలబడ్డాం. బుల్లెట్టు వచ్చి ఆగింది, దడదడమంటూనే ఉంది. ఆడవాళ్ళు ముందుకొచ్చి బిందెలు వంచారు. ఆ ఏడు భక్తి ఎక్కువైంది, ఒక్కొక్కరు రెండేసి బిందెలు తెచ్చారు. అక్కడ తారురోడ్డు అయిపోయి ఎర్రమట్టి మొదలవుతుంది. ఒక బిందెతో నేల తడిసింది, రెండో బిందెతో సబ్బు రాసినట్టు జారుడైంది. ఓబులేసు ఉత్త కాళ్ళతో ఉన్నాడు, నియమం గదా. హారతి పళ్ళెం బండి చుట్టూ తిరుగుతుండగా వాడి ఎడమకాలు మెల్లగా, ఎవరో లాగుతున్నట్టు, పక్కకు జారిపోయింది.

బండి ఎడమకు ఒరిగింది. ఓబులేసు హ్యాండిలు గట్టిగా పట్టి, తొడను ట్యాంకుకు ఆనించి, ఒరిగింది ఒరిగినట్టే ఆపాడు. అట్లా ఆపడం మామూలు సంగతి కాదు. బుల్లెట్టు నిటారుగా ఉన్నంతసేపు చంటిపిల్ల, ఒక హద్దు దాటి ఒరిగిందా, దున్నపోతు. మెడనరాలు ఉబ్బాయి. ముఖం నల్లబడింది. కాలు ఇంకా జారుతూనే ఉంది. అది పూర్తిగా జారితే బండి కింద మోకాలు నలగవలసిందే.

"స్వామీ, గట్టిగా పట్టుకోండి! నేనుండా, పడనియ్యను!" అని అరిచాడు.

అందరికంటే ముందు మద్దెల పక్కన పడేసి పరుగెత్తింది పుల్లన్న. చెయ్యి బండికి ఆనేలోపల ఓబులేసు పళ్ళు బిగబట్టి, "నువ్వు తాకొద్దు!" అన్నాడు. ఇన్నేళ్ళకు అన్నతో వాడన్న మొదటి మాట అదే. పుల్లన్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అన్ననే తాకొద్దన్నాక మేమెవరం పోతాం? తాళాలు ఆగాయి. ఇంజను మాత్రం దడదడమంటోంది.

ఇక్కడ ఒక మాట సరిగా చెప్పాలి. పక్క ఊరి భజనవాళ్ళు ఈ కథను వాళ్ళకు తోచినట్టు చెప్తారు, స్వామి బురదలో పడ్డాడంటారు. పడలేదు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఆ మాట పుట్టించినవాడి ఇంటి గడప నేను ఇంతవరకు తొక్కలేదు, తొక్కను. జరిగింది ఇది. బండి ఎడమకు ఒరిగింది, స్వామి కాళ్ళు ఎడమకే ఉన్నాయి. ఒరిగేకొద్దీ నేల ఆయన పాదాల దగ్గరికి వచ్చింది. వచ్చిన నేల మీద ఆయన నులకమంచం దిగినట్టు దిగి నిలబడ్డాడు. పైకండువా సర్దుకున్నాడు. పక్కకు జరిగాడు. మేమంతా చూస్తూనే ఉన్నాం. చూడనివాడు ఓబులేసు ఒక్కడే. వాడి చూపంతా ముందుచక్రం మీద ఉంది, బరువంతా చేతుల్లో ఉంది.

"పట్టుకోండి స్వామీ! వదలొద్దు!" వాడి గొంతు ఏడుపులోకి దిగింది. "మీకేమన్నా అయితే నేను బతకను!"

స్వామి వాడి భుజం పక్కకు వచ్చి, చెవిలో చెప్పినంత నెమ్మదిగా అడిగాడు. "ఎవరి కోసం పట్టుకున్నావు అబ్బీ?"

ఓబులేసు తల తిప్పాడు. స్వామి పక్కన నిలబడి ఉన్నాడు. వెనక సీటు మీద బంతిపూల దండ ఒక్కటే ఉంది.

"దిగినారా?"

"దిగి శానా సేపాయె."

వాడి ముఖం నేను చూశాను. ముందు బిత్తరపోయింది, తర్వాత సిగ్గుపడింది. గట్టిగా ఊపిరి వదిలాడు, చేతులూ వదిలాడు. కాలు వెనక్కి లాక్కొని ఎగిరి అవతల పడ్డాడు. బుల్లెట్టు, అలిసిన ఎనుము పడుకున్నట్టు, బురదలో పడుకుంది. దడదడ ఆగింది. ముందున్న లెగ్‌గార్డు మట్టిలో దిగబడి ట్యాంకును కాపాడింది. క్లచ్చి పిడి కొంచెం వంగింది. నష్టం అంతే.

తర్వాత బిందె పట్టుకున్న లచ్చుమమ్మ, "అయ్యో, స్వామి కాలు మట్టిలో పడె, అపచారమాయె!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేనూ చెంపలేసుకున్నాను. నియమం పెట్టిన నలుగురిలో బతికున్నది నేనే. స్వామి వంగి తన పాదాల కేసి చూసుకున్నాడు. వేళ్ళ సందుల్లోకి ఎర్రమట్టి వచ్చింది. వేళ్ళు ఒకసారి ఆడించాడు.

"సల్లగా ఉంది," అన్నాడు. "ఇన్నేండ్ల నుంచి నన్ను ఆ పీట మీదికే ఎందుకు దించినారో."

మొదట లచ్చుమమ్మ నవ్వింది. ఆ తర్వాత ఆడవాళ్ళంతా నవ్వారు. నవ్వు మగవాళ్ళకు కొంచెం ఆలస్యంగా అందింది.

ఓబులేసు లేచి మోకాలు మడిచి చూసుకున్నాడు. బాగానే ముడుచుకుంది. పోయి బండి లేపబోయాడు. చక్రం జారిపోయింది. ఇంకోసారి ఎత్తాడు, మోకాలెత్తు లేచి మళ్ళీ కూలింది. పెట్రోలు వాసన కొడుతోంది. మేము పోదామా వద్దా అని చూస్తున్నాం, ఇందాకటి మాట చెవుల్లోనే ఉంది. పుల్లన్న ఎక్కడ ఆగాడో అక్కడే ఉన్నాడు. వాడికి మాట ఆపుకోవడం ఎప్పుడూ చేత కాదు.

"పెట్రోలు కారిపోతాంటే ఎత్తేది ఏందిరా? ముందు ట్యాపు కట్టెయ్. గేరులో ఏసి లేపు, లేకుంటే చక్రం తిరగదా? లారీ నడిపినాడంట, లారీ!"

ఓబులేసు తల ఎత్తలేదు. ట్యాపు కట్టాడు. గేరు వేశాడు. ఆ తర్వాత, తల వంచుకొనే, "నేను ఈ పక్క నుంచి లేపుతా. ఆ పక్క ఎవరన్నా ఉండాల. లేకుంటే అటు పడతాది," అన్నాడు.

ఎవరన్నా, అన్నాడు గాని పేరు చెప్పలేదు. ఆ మాట ఎవరికో మాకు తెలిసింది, అందుకే మేమెవరం కదల్లేదు. పుల్లన్న పంచె ఎగ్గట్టి అవతలి పక్కకు పోయి, చేతులు చాచి నిలబడ్డాడు. ఓబులేసు సీటుకు నడుము ఆనించి, కాళ్ళు బురదలో తన్నిపెట్టి, వెనక్కి నెట్టాడు. బండి లేచింది, నిలబడింది, అటు పక్కకు పోబోయింది. పుల్లన్న రెండు చేతులతో ఆపాడు. బండికి ఒక పక్క ఒకడు, ఇంకో పక్క ఇంకొకడు, మధ్యలో బురదోడుతున్న బుల్లెట్టు.

"దెబ్బ తగిల్నాదా?" అన్నాడు పుల్లన్న.

"లేదు."

"కాలు సూపీ."

"లేదంటి గదా."

పుల్లన్న వినకుండా వంగి చూశాడు. చూసి, తన కండువా తీసి వాడి మోకాలి మీది మట్టి తుడిచాడు. ఓబులేసు కాలు వెనక్కి లాక్కోలేదు. వాడు ఇంకేదో అనబోయి, బండి కేసి చూస్తూ, "పాప పెండ్లికి లారీ కావాలంటివంట, జనాన్ని తోలకొచ్చేదానికి," అని మాత్రం అన్నాడు. పుల్లన్న అవునన్నట్టు తల ఊపాడు. ముక్కు చీదుకున్నాడు. అంతకంటే ఎక్కువ మాట్లాడుకున్నారని చెప్పేవాళ్ళు అబద్ధం చెప్తున్నట్టు.

ఆ ఏడు స్వామి మండపానికి నడిచే పోయాడు. అడుగుకొక ఎర్రటి గుర్తు పడింది. అన్నదమ్ములు చెరొక పక్క బండి నెట్టుకుంటూ ఆయన వెనకే వచ్చారు. తాళాలు మళ్ళీ ఎత్తుకున్నాం, మద్దెల మాత్రం ఎవరో మోశారు. మండపం దగ్గర బండి స్టాండు వేశాక ఓబులేసు స్వామి దగ్గరికి వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"స్వామీ, పొద్దున ఒకటి అడిగింటి. గుమ్మం కాడ పెట్టమంటిరి."

స్వామి పీట పక్కకు జరిపి, ఉత్త నేల మీద కూర్చొని తంబుర ఒడిలోకి తీసుకున్నాడు. తీగ బిగించి, ఒకసారి మీటి, చెవి ఆనించి విన్నాడు. తర్వాత అన్నాడు:

"ఈసారి దేన్నన్నా పట్టుకుంటే, నడుమనడుమ వెనక్కి తిరిగి సూసుకో అబ్బీ. కూచున్నాయన ఇంకా కూచునే ఉన్నాడో, దిగిపోయినాడో."