తెరుచుకోని ఉత్తర్వు

కంప్యూటర్లొచ్చినా కత్తులు పోని ఒక రాజ్యంలో, దివాన్ జగ్గప్పరాజు భటులతో సహా సర్కారు కచేరీ మీదికొచ్చి పడ్డాడు. తన బావమరిది చేసిన కొత్త సాఫ్ట్‌వేరే ఇక వాడాలనీ, పాతదాన్ని మధ్యాహ్నంలోగా అన్ని కంప్యూటర్లలోంచీ తీసేయాలనీ హుకుం వేశాడు.

టైపిస్టు నూకాలు టైపు చేయడం ఆపింది. రైతుల పట్టాలన్నీ పాతదాంట్లో రాసినవే. పొద్దున కొత్తది పెట్టగానే చూసింది, దాంట్లో ఒక్కటీ తెరుచుకోలేదు.

"అయ్యా, పట్టాలు తెరుచుకోవడం లేదండీ. పాతది కూడా ఉండనివ్వండి."

"తెరుచుకోని కాగితం చెల్లదు. వాళ్ల భూములిక దివాణానివే! తీసేస్తావా, చెరసాలకి పోతావా?"

ఒక భటుడు కత్తి మీద చెయ్యేశాడు. నూకాలు మౌసు పట్టుకుని, కొత్తదాంట్లో ఇంకో ఫైలు నొక్కింది. తెర మీద గీతలు తప్ప అక్షరం కనబడలేదు.

"ఇదేమిటి?" అన్నాడు దివాన్.

"తమరిని దివానుగా నియమిస్తూ మహారాజుగారిచ్చిన ఉత్తర్వండీ. ఇదీ చెల్లదన్నమాట. మరి పాతది తీసేయమని నాకు చెబుతున్నది ఎవరండీ?"

భటుడు కత్తి మీంచి చెయ్యి తీసి, దివాన్ వైపు అనుమానంగా చూశాడు.

జగ్గప్పరాజు తెర మీదికి వంగాడు. "పాతది ఉండనీ. ముందు నాది తెరువు తల్లీ!"

"వరసలో వస్తుందండీ" అంది నూకాలు, మొదటి రైతు పట్టా తెరుస్తూ.