గుప్పెడు చింతపండు, ఊరి తూకాల సావిడి

అనగా అనగా సువర్ణగిరి అనే పట్నంలో మారభూపతి అని ఒక రాజు ఉండేవాడు. ఎవర్రా ఆ గుసగుస? నోరు మూసుకుని వినండి.

ఆ పట్నం నడిబొడ్డున తూకాల సావిడి ఉండేది. ఉప్పయినా పప్పయినా ఊరందరూ అక్కడి పెద్ద త్రాసులోనే తూయించుకోవాలి. తూచాక అమ్మేవాడు ఇంకో గుప్పెడు కొసరు వెయ్యాలి. అది ఆనవాయితీ. రాజుగారికి ఏం బుద్ధి పుట్టిందో, "తూకం తూకమే! కొసరు అడిగినవాణ్ణి గెంటండి" అని దండోరా వేయించాడు.

కొన్నాళ్ళకి ఓ పొద్దున చూస్తే సావిడి లేదు! గోడల్లేవు, త్రాసు లేదు, లోపలున్న తూకందారు కూతురు కుందన కూడా లేదు. ఖాళీ నేల మీద మేకలు తిరుగుతున్నాయి. ఏడు సముద్రాల అవతలి మాంత్రికుడు సంచీలో వేసుకుపోయాడని కాకులు చెప్పాయి.

కుందనకీ, రాజుగారి మూడో కొడుకు ఇందుధరుడికీ ముహూర్తం పెట్టి ఉంది. ఆ దిగులు చాలదన్నట్టు, ఊళ్ళో ఎవడి త్రాసు వాడిదే అయింది. "వీడు తక్కువ తూచాడు", "వాడు ఎక్కువ లాగాడు" అంటూ తెల్లారితే కోట గుమ్మం ముందు గోల. ఇందుధరుడికి తల వాచిపోయింది.

పెద్దన్న వెతకడానికి వెళ్ళి, మొదటి సముద్రం గాలికే జలుబు చేసిందని తిరిగొచ్చాడు. రెండో అన్న వెళ్ళి, చెప్పులు తడిశాయని తిరిగొచ్చాడు. "మీతో అయ్యే పని కాదు, నేనే పోతాను" అని ఇందుధరుడు బయల్దేరాడు.

ఒడ్డున ఒక తాబేలు. "బుట్టెడు మరమరాలు పెడితే మూడు సముద్రాలు దాటిస్తా" అంది. పెట్టాడు. తినేసింది. కదలదే!

"మళ్ళీ ఏమిటే?"

"కొసరో?"

"అక్కడ నా కుందన ఏమైపోయిందో అని నేను చస్తుంటే, నీ కొసరేమిటే!" అని విసుక్కుంటూనే గుప్పెడు పెట్టాడు.

తర్వాతి మూడు సముద్రాలకి ఒక గద్ద. బుట్టెడు చేపలు తిన్నది, రెక్క విదల్చదే! "కొసరో?" అంది. రాకుమారుడు నెత్తి కొట్టుకుని ఇంకో చేప పెట్టాడు. ఏడో సముద్రానికి ఒక మొసలి. బుట్టెడు రేగుపళ్ళు మింగి నోరు తెరుచుకునే ఉంది. ఈసారి అడక్కముందే గుప్పెడు పడేశాడు. నేర్చుకున్నాడు పాపం.

ద్వీపంలో, ముళ్ళపొదల మధ్య, సావిడి!

"ఇన్నాళ్ళకా రావడం?" అంది కుందన.

"రాగానే మొదలుపెట్టకు! ఆ మాంత్రికుడి ప్రాణం ఎక్కడుంది?"

"దూలం మీది చిలకలో. జామపండు చూపిస్తే వస్తుంది, లటుక్కున అందుకుని ఎగిరిపోతుంది. విసిగిపోయాను!"

ఇందుధరుడు జామపండు చూపించాడు. చిలక అందుకుంది, ఎగిరిపోయింది. అప్పుడతను గుప్పిట మూసి చాపి, "మరి కొసరు వద్దా?" అన్నాడు. చిలక వెనక్కొచ్చి గుప్పిట్లో ముక్కు పెట్టింది. టక్కున పట్టేశాడు.

మాంత్రికుడు రొప్పుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "నలపకు బాబూ, నా ప్రాణం!"

"మా సావిడి ఎందుకు ఎత్తుకొచ్చావురా?"

"చింతపండు కొన్నాను బాబూ. గుప్పెడు కొసరు అడిగితే మీ భటులు మెడపట్టి గెంటారు. నలుగురూ నవ్వారు" అని ఆ ముసలివాడు భోరుమన్నాడు.

"గుప్పెడు చింతపండుకా! ఊరంతా కొట్టుకు చస్తోందిరా! నా పెళ్ళి ఆగిపోయిందిరా!" అని అరిచాడు ఇందుధరుడు. త్రాసు తట్టలో ఆనాటి చింతపండు ఇంకా ఉంది. గుప్పెడు తీసి వాడి చేతిలో పెట్టాడు. మాంత్రికుడు వాసన చూసి కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంతే బాబూ, నేనడిగింది" అని సావిడినీ, వాళ్ళిద్దర్నీ సంచీలో వేసుకుని, తెచ్చి పాత చోటే దించాడు. దించాకే ఇందుధరుడు చిలకను వదిలాడు.

పెళ్ళినాడు రాజుగారు ఆ త్రాసులోనే ఊరందరికీ బెల్లం తూచి పంచాడు. వరసలో ముందు ఎవరనుకున్నారు? మాంత్రికుడే! తూకం అందుకుని చెయ్యి అలాగే చాపి నిలబడ్డాడు. రాజుగారు పళ్ళు నూరాడు. కొడుకు గుడ్లురిమాడు. రాజుగారే వంగి ఇంకో గుప్పెడు వేశాడు, ఊరంతా ఈలలు వేసింది.

ఇందుధరుడూ కుందనా చాలాకాలం చల్లగా ఏలారు. ఆ సావిడి ఇప్పుడెక్కడుందంటారా? పోయింది. వాళ్ళ మునిమనవడు మళ్ళీ కొసరు ఆపేశాడు, ఏం చెయ్యమంటారు నన్ను!

కథ అయిపోయింది, లేవండి. ఏమిట్రా ఆ చెయ్యి చాపడం? కొసరా! ఖర్మ, ఇదిగో తలా ఒక బెల్లం ముక్క. తీసుకుని పొండి.