పదమూడో ఎక్కం, పదో మలుపు

చదువు రానివాణ్ని గాడిద అంటారు. నేను పుట్టుకతోనే గాడిదను కాబట్టి ఆ తిట్టు నాకు తగలదు. గుట్టకింద సర్కారు లెక్కల బడికి పలకలూ, మధ్యాహ్నం పప్పుకుండా మోసేది నేనే. కిటికీ దగ్గర నిలబడి విని విని ఒకటో ఎక్కమూ పదో ఎక్కమూ నేర్చాను. మధ్యలోవి నేర్చేలోపు పప్పు చల్లారిపోయేది.

మా బడి మామూలు బడి కాదు. లెక్కలకు పేరు పడిన బడి. అడవి నలుమూలల నుంచీ పిల్లలు వస్తారు. ఇరవై సీట్లు. ఎవరికి సీటో చీటీ తీసి తేలుస్తారు. చీటీ తీసేది కోడి. దానికి చదువు రాదు గనక మోసం చెయ్యడమూ రాదు. అందుకే క్లాసులో పందిపిల్ల పక్కన జింకపిల్ల, కోతిపిల్ల పక్కన తాబేలుపిల్ల. టీచరు గేదె కాటమ్మ. చెప్పిన పాఠం అంతటితో వదలదు, రోజూ పిల్లల చేత నెమరు వేయిస్తుంది.

బడి కమిటీ ప్రెసిడెంటు నక్క జిత్తప్ప. అతని పిల్లలు ముగ్గురికి చీటీలో సీట్లు తగిలాయి. మిగతా పదిహేడు కూడా అన్నదమ్ముల పిల్లలకు దక్కితే బాగుండునని అతని ఆశ.

"కాటమ్మా, పందీ తాబేలూ కప్పా ఒకే బల్ల మీదనా? ఇన్ని రకాలను కలిపితే చదువు చట్టుబండలే," అన్నాడు ఒకరోజు.

"పప్పులో అన్నీ పడితేనే రుచి, ప్రెసిడెంటు గారూ," అంది కాటమ్మ. నేను కుండ మోస్తూ తలూపాను.

"తాడిచెట్టు ఎక్కేవాణ్ని ఎంతదాకా ఎగదోస్తావమ్మా?"

"వాడు ఎక్కుతానన్నంత దాకా."

జిత్తప్ప నవ్వి ఊరుకున్నాడు. నక్క నవ్వి ఊరుకుందంటే నమ్మకూడదు.

ఆ ఏడు పదమూడో ఎక్కం పరీక్ష. సర్కారు రూలు ఒక్కటే: ఇరవైమందిలో పన్నెండుమందైనా సరిగ్గా చెప్పాలి. లేకపోతే చీటీలు రద్దు, సీట్లు కమిటీ చేతికి. పరీక్ష పెట్టేది ఎలుగుబంటి ఇనస్పెక్టరు. జిత్తప్ప ముందే వెళ్ళి ఆయన చెవిలో ఊదాడు. "గుట్ట మీద పెడదాం సార్. పైన చల్లగాలి. పక్కనే తేనెపట్టు."

తేనెపట్టు అన్నాక ఎలుగుబంటి ఇంకేం వింటుంది? మర్నాడు బడి తలుపు మీద నోటీసు పడింది: "ఎక్కాల పరీక్ష వారం తర్వాత గుట్టపైన. ఎవరి కాళ్ళతో వాళ్ళు రావాలి. మోసుకురాకూడదు. రానివాళ్ళకు సున్నా." "మోసుకురాకూడదు" అన్న మాట చదువుతూ జిత్తప్ప నా వీపు వంక చూశాడు.

గుట్ట నిటారు. దారి లేదు. పిల్లలు గొల్లుమన్నారు.

"టీచర్, మేం ఎక్కం!"

"ఎన్నో ఎక్కం?" అంది కాటమ్మ.

"పద... అయ్యో, అది కాదు టీచర్! గుట్ట ఎక్కం అంటున్నాం!"

"అదే అడుగుతున్నా. గుట్ట ఎక్కమూ పదమూడో ఎక్కమూ ఒకే రోజు ఉన్నాయి కదా. రెండూ కలిపి నేర్చుకుందాం. ఒరే ముట్టెగా, మెట్లు తవ్వకూడదని నోటీసులో ఉందా?"

పందిపిల్ల ముట్టెగాడు మళ్ళీ చదివాడు. "లేదు టీచర్."

"మరి నీకు ముట్టె ఎందుకిచ్చాడు దేవుడు?"

ఆ సాయంత్రమే పని మొదలైంది. మేకపిల్ల దారి చూపింది. ముట్టెగాడు తవ్వాడు. కోతిపిల్ల తీగలు కట్టింది. కాకిపిల్ల ప్రతి మలుపుకూ ఒక గుర్తు పెట్టింది. కాటమ్మ పెట్టిన షరతు ఒకటే. మలుపుకి సరిగ్గా పదమూడు మెట్లు, ఒకటి ఎక్కువా వద్దు, ఒకటి తక్కువా వద్దు. మలుపు దగ్గర ఆగాలి, ఊపిరి తీసుకోవాలి, ఎన్ని మెట్లెక్కారో పైకి చెప్పాలి.

మొదటి మలుపు మోదుగమొక్క, పదమూడు. రెండోది రాతిబండ, ఇరవై ఆరు. నాలుగోది రేగుచెట్టు, యాభై రెండు. ఏడోది చీమలపుట్ట, తొంభై ఒకటి. అక్కడ నిలబడితే పిల్లలకు అంకె గట్టిగా గుర్తుండేది. చీమలు మర్చిపోనివ్వవు.

తాబేలుపిల్ల డిప్పి మాత్రం మూడో రోజున దొర్లి కిందికి వచ్చింది. వెల్లకిలా పడితే మేకపిల్ల కొమ్ముతో నెట్టి లేపింది. డిప్పి ముఖం డిప్పలోంచి బయటికి రాలేదు.

"నేను మానేస్తా టీచర్. మా అమ్మ మూడేళ్ళు వరసగా చీటీ వేస్తే ఈ ఏడు సీటొచ్చింది. నా వల్ల అందరికీ సీట్లు పోతే నేను చెరువులోకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"ఎక్కడ పడ్డావు?"

"మూడో మలుపు దాటి నాలుగు మెట్లెక్కాక."

"అంటే ఎన్నో మెట్టు?"

లోపల్నించి గొణుగుడు వినిపించింది. "నలభై మూడు."

"పడుతూ కూడా లెక్క తప్పలేదే! ఇంక నీకు ఎక్కడానికేం రోగం?"

తల మెల్లగా బయటికొచ్చింది. మర్నాడు అయిదో మలుపు, ఆ మర్నాడు ఏడోది. చీమలు కుట్టినా నిలబడి చెప్పింది.

పరీక్ష రోజు డిప్పి తెల్లవారకముందే బయలుదేరింది. తర్వాత మిగతా పిల్లలూ, కాటమ్మా, పప్పుకుండతో నేనూ ఎక్కాం. నక్కపిల్లలు ముగ్గురూ ఎండెక్కాక ఒక్క పరుగున పైకి చేరారు. మెట్టూ చూడలేదు, మలుపూ లెక్కపెట్టలేదు. ఎక్కాన్ని వాళ్ళ నాన్న వాళ్ళ చేత బట్టీ పట్టించి ఉంచాడు. ఇనస్పెక్టరు మాత్రం మధ్యాహ్నానికి వచ్చాడు, ఆయాసంతో, దగ్గుతో.

"ముందు మా పెద్దాడు సార్," అన్నాడు జిత్తప్ప.

పెద్దాడు గొంతెత్తాడు. "పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవై ఆరు, పదమూడు మూళ్ళు..."

"ఖళ్ళు!" ఇనస్పెక్టరు దగ్గాడు.

వాడు ఉలిక్కిపడి మళ్ళీ మొదలుపెట్టాడు. "పదమూడు ఒకట్ల పదమూడు..." ఆర్ల దగ్గర ఇంకో దగ్గు. మళ్ళీ మొదటికి. మూడోసారీ అంతే.

"సరేలేరా అబ్బాయ్. పదమూడు ఆర్లు ఎంతో ఒక్కటే చెప్పు."

"మొదట్నించీ చెప్పనా సార్?"

తమ్ముళ్ళ సంగతీ అంతే. ఇనస్పెక్టరు నుదురు కొట్టుకుని, ఇక వరసలొద్దు, విడిగానే అడుగుతానన్నాడు.

"ఒరే పందిపిల్లా, పదమూడు నాలుగులు?"

"రేగుచెట్టు సార్. యాభై రెండు."

"రేగుచెట్టేమిట్రా?"

"పళ్ళు కూడా బాగుంటాయి సార్."

మేకపిల్ల చెప్పింది. జింకపిల్ల చెప్పింది. కాకిపిల్ల చెప్పింది. కోతిపిల్ల కొమ్మ మీంచి కొమ్మకు దూకి వచ్చింది గనక తప్పింది. కప్పపిల్ల కంగారులో నూట నాలుగుని నూట నలభై అంది. చివరికి లెక్క తేలింది. సరిగ్గా చెప్పినవాళ్ళు పదకొండు, తప్పినవాళ్ళు ఎనిమిది. మిగిలింది డిప్పి ఒక్కతే.

"ఆ ఒక్కటీ తాబేలు సార్. అది వచ్చేలోపు మీరు రిటైరవుతారు. సున్నా వేసెయ్యండి," అంటూ జిత్తప్ప దారికి అడ్డంగా చివరి మెట్టు మీద చతికిలబడ్డాడు.

కాటమ్మ కదల్లేదు. "పొద్దు వాలేదాకా టైముంది సార్. మీరు కూడా ఆలస్యంగానే వచ్చారు."

ఇనస్పెక్టరు తేనె నాకుతూ తలూపాడు. నా గుండె మాత్రం పప్పుకుండలా కుతకుతలాడింది.

పొద్దు వాలుతుండగా "కుయ్యో!" అని జిత్తప్ప ఎగిరి గంతేశాడు. వెనక డిప్పి, దాని కాలి కింద అతని తోక. అదృష్టం కలిసొస్తే నక్క తోక తొక్కాడంటారు కదా. ఆ మాట నిజం కావడం నేను కళ్ళారా చూశాను.

"నూట ముప్ఫై," అంది డిప్పి రొప్పుతూ.

"నేనింకా అడగలేదమ్మా," అన్నాడు ఇనస్పెక్టరు.

"మెట్లు సార్. అయిపోయాయి."

"పదమూడు ఏళ్ళు?"

"చీమలపుట్ట. తొంభై ఒకటి."

ఆయన దగ్గాడు. డిప్పి ఆయన దగ్గు అయ్యేదాకా ఆగి మళ్ళీ చెప్పింది. "తొంభై ఒకటే సార్. దగ్గితే మారదు."

జిత్తప్ప అందుకున్నాడు. "గుర్తులు బట్టీ పట్టింది సార్! పదమూడు పన్నెండ్లు అడగండి, తేలిపోతుంది!"

డిప్పి వెనక్కి తిరిగి దారి చూసింది, పైకి ఆకాశం చూసింది. "మా గుట్ట పదో మలుపుతో అయిపోయింది సార్. ఇంకో రెండు మలుపులుంటే నూట యాభై ఆరు."

ఇనస్పెక్టరు దగ్గడం కూడా మర్చిపోయాడు. "పన్నెండో పిల్ల పాసు! చీటీలు ఉంటాయి. ప్రెసిడెంటు గారూ, ఈ ఎనిమిదిమందికీ మళ్ళీ పరీక్ష పెడతాను. ఇక్కడే. మీ పిల్లలు ముగ్గురికీ కలిపి."

జిత్తప్ప తోక నిమురుకుంటూ దిగాడు. మర్నాడు పొద్దున్నే మొదటి మలుపు దగ్గర అతని గొంతు వినిపించింది. "ఒరే, పరిగెత్తకండ్రా! ఆ తాబేలమ్మ వెనకాల మెల్లగా లెక్కపెడుతూ ఎక్కండి!"

నేనూ ఎక్కుతున్నాను. ఖాళీ కుండతోనే లెండి. పదమూడో ఎక్కం నాకూ అయిదో మలుపు దాకా వచ్చింది.

నోటికి మాత్రమే వచ్చిన చదువు ఒక్క దగ్గుతో పోతుంది. నలుగురితో కలిసి ఎక్కిన చదువు కాళ్ళలో నిలుస్తుంది.