నెమలిబండి తోక

అనగా అనగా, రాజ్యాలు పోయి రాజుల కార్లు మాత్రం మిగిలిన రోజుల్లో, నెమలికొండ అనే చిన్న సంస్థానం ఉండేది. దానికొక కోట ఉండేది. కోటలో ఒక రాణీగారు, రాణీగారికి ఒక దివాను ఉండేవారు. ఏలడానికి మాత్రం ఏమీ మిగల్లేదు.

రాణీ సుభద్రాయమ్మగారి దగ్గర చెప్పుకోదగ్గ వస్తువు ఒక్కటే ఉంది. అది పెద్ద యుద్ధానికి ముందు ఆమె మామగారు ఓడ మీద తెప్పించిన కారు. పొడుగాటి ముక్కు, గుండ్రటి దీపాలు, వెనకవైపు డిక్కీ మూత ముడుచుకున్న నెమలి తోకలా కిందికి జారి ఉండేది. ఆ తోక కోసమే లోకమంతా దాన్ని మెచ్చుకునేది. అలాంటివి కంపెనీవాళ్లు చేసినవే కొద్ది, అందులోనూ చాలామటుకు యుద్ధంలో బాంబుల కింద పోయాయి. ఊళ్లోవాళ్లు దాన్ని నెమలిబండి అనేవారు.

ఆ నెమలిబండిని రాణీగారు అమ్మకానికి పెట్టారు. ఆమెకు డబ్బు మీద మోజు లేదు. నెమలికొండకూ ఆసుపత్రికీ మధ్య ఒక ఏరు ఉంది. వానలు పడితే ఏరు పొంగుతుంది, పడవ కదలదు. పురిటి నొప్పులకు ఆ సంగతి తెలియదు కదా. ఏటేటా ఎవరో ఒక తల్లి ఆ గట్టు మీదే ప్రాణం వదిలేది. కారు అమ్మి ఊళ్లోనే పురుళ్ల ఆసుపత్రి కట్టించాలని రాణీగారు పట్టుబట్టారు.

కొంటానని వచ్చినవాడు పానకాలు శెట్టి. పట్నంలో పెద్ద వర్తకుడు. పాత కార్లంటే అతనికి పిచ్చి. ఆ పిచ్చిలో ఒకసారి లారీ ఇంజను బిగించిన కారు కొన్నాడు, ఇంకోసారి లోపలంతా చెద తినేసిన కారు కొన్నాడు. అప్పటినుంచి అమ్మేవాళ్లు ఎంత తియ్యగా మాట్లాడితే అంత గట్టిగా జేబు పట్టుకునేవాడు.

"నాకు మీ మాటా వద్దు, నా మాటా వద్దు. మదింపు గవరయ్యను పిలుద్దాం. అతను ఎంతంటే అంత," అన్నాడు శెట్టి.

రాణీగారు సరేనన్నారు.

గవరయ్య తాతలు సంస్థానాలకు గుర్రాలను మదింపు చేసిన వాళ్లు. గుర్రాలు పోయి కార్లు వచ్చాక గవరయ్య కార్లు చూడడం నేర్చుకున్నాడు. చూసేది మారినా ఇంటి కట్టుబాటు మారలేదు. ధర చెప్పేదాకా అమ్మేవాళ్ల ఇంట మంచినీళ్లు కూడా ముట్టకూడదు. ధర చెప్పాక, పెడితే విందైనా తినొచ్చు. చాలా ఇళ్లలో ధర విన్నాక విందు పెట్టేవారు కాదనుకోండి.

ఎండలు మండుతున్న ఒక ఉదయం గవరయ్య కోటకు వచ్చాడు. శెట్టి సాయంత్రానికి వస్తానని కబురుపెట్టాడు. దివాను సాంబమూర్తి ఎదురెళ్లి కారుశాల తలుపులు తీశాడు. కొత్త నీలం రంగులో కారు తళతళలాడుతోంది. టైర్ల కింద నిమ్మకాయలు, దీపాలకు పసుపు, మూతికి బంతిపూల దండ. పెళ్లిచూపులకు పిల్లను సింగారించినట్టు సింగారించాడు దివాను.

మొదట గవరయ్య కళ్లతో చూశాడు. దండ పక్కకు జరిపి, ఇంజను మీద చెక్కిన అంకెలూ చట్రం మీద చెక్కిన అంకెలూ కలుస్తున్నాయా అని చూశాడు. కలిశాయి. తలుపుల లోపలి చెక్కకు చెద పట్టిందేమోనని వంగి చూశాడు. పట్టలేదు. చాప పరుచుకుని కారు కిందికి దూరి, ఒళ్లంతా నూనె మరకలతో బయటికి వచ్చాడు.

"అలిసిపోయారు. చల్ల పుచ్చుకోండి," అని దివాను కరివేపాకు వేసిన మజ్జిగ గ్లాసు చేతికిచ్చాడు.

"ధర చెప్పాక తాగుతాను దివాన్‌గారూ."

దివాను మొహం కొంచెం చిన్నబోయింది. అతిథి మజ్జిగ వద్దంటే ఏ ఇంటివాళ్లకైనా అవమానంగానే ఉంటుంది.

రెండోసారి గవరయ్య చెవులతో చూశాడు. హ్యాండిల్ పెట్టి తిప్పితే ఇంజను రెండుసార్లు దగ్గి కుదురుకుంది. అతను కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. అంత వయసున్న ఇంజను అంత నిదానంగా ఊపిరి తీయడం అతను ఎక్కడా వినలేదు. మనసులో ఒక ధర అనుకున్నాడు. అది పెద్ద ధరే.

దివాను అతన్ని కోట వెనక్కి తీసుకెళ్లి సున్నంతో గీతలు గీసిన నేల చూపించాడు. "ఇదిగోనండి, ఇక్కడ కాన్పుల గది. అక్కడ బాలింతలకు వరండా. అంతా మీ నోటి మాట మీదే ఉంది."

గవరయ్య ఆ గీతల మధ్య కాసేపు నిలబడ్డాడు. అతని అక్క నరసాయమ్మ ఇలాంటి ఏటి గట్టునే, పడవ కోసం చూసి చూసి కన్నుమూసింది. ఆ సంగతి దివానుకు తెలియదు. గవరయ్య చెప్పనూ లేదు. దాహం వేస్తున్నా అతను నీళ్లడగలేదు.

మూడోసారి అతను చేత్తో చూశాడు. సంతలో కుండ కొనే ఇల్లాలు తట్టినట్టు, వేలి కణుపులతో కారును ముక్కునుంచి తట్టుకుంటూ వచ్చాడు. బానెట్టు ఖంగుమంది. తలుపులు ఖంగుమన్నాయి. తోక దగ్గరికి వచ్చేసరికి శబ్దం తడిసిన డప్పులా మొద్దుబారింది. జేబులోంచి అయస్కాంతం తీసి ఆనించాడు. ఒళ్లంతా ఠక్కున అతుక్కున్న అయస్కాంతం అక్కడ మాత్రం జారి కిందపడింది.

గవరయ్య దివాను వైపు చూశాడు. దివాను నేల చూపులు చూశాడు.

"ఇది కంపెనీ తోక కాదు. ఎవరో రేకు సాగగొట్టి, పైన వేలిమందాన లప్పం మెత్తి, రంగు పూశారు. ఏం జరిగింది?"

దివానుకు చెప్పక తప్పలేదు. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరకలేదు. ఆ ఏడే ఊళ్లలో కలరా గత్తర వచ్చింది. అప్పటి రాజావారు, అంటే రాణీగారి మామగారు, డిక్కీ మూత ఊడదీయించి, వెనక బొగ్గుల పొయ్యి కట్టించి, బొగ్గు పొగతో కారు నడిపించారు. పల్లెపల్లె తిరిగి రోగులను అందులోనే మోశారు. యుద్ధం అయిపోయాక పొయ్యి తీసేశారు. తోక తిరిగి రాలేదు.

"అమ్మకం అనుకోగానే నేనే మన ఊరి కమ్మరి చేత ఈ రేకు వేయించాను," అన్నాడు దివాను. "రాణీగారికి తెలీదు. నాకోసం చేసుకోలేదండి. మీరు తట్టకపోతే ఇది ఎవరికీ దొరకదు. శెట్టిగారికి డబ్బుకు లోటు లేదు. లప్పం తోక కొన్నందువల్ల ఎవరి ప్రాణమూ పోదు. ఆసుపత్రి లేకపోతే పోతుంది. ఒక్క మాట మింగండి, అంతే."

గవరయ్య కారు ఫుట్‌బోర్డు మీద కూలబడ్డాడు. దివాను చెప్పిన దాంట్లో అబద్ధం లేదు, అదే అతన్ని ఇబ్బంది పెట్టింది. మింగడానికి ఒక్క మాటే. అవతల అక్కలాంటి వాళ్లు ఎంతమందో.

కానీ లప్పం ఎన్నాళ్లు నిలుస్తుంది? ఒక వేసవికో రెండు వేసవులకో పగులుతుంది. అప్పుడు పట్నమంతా నెమలికొండ రాణి మోసగత్తె అంటుంది. రేపు ఊళ్లో పుట్టే ప్రతి బిడ్డా మోసపు సొమ్ముతో కట్టిన ఆసుపత్రిలో పుట్టాడనిపించుకుంటాడు. గవరయ్య లేచి నిలబడి చేతులు తుడుచుకున్నాడు. అతనికి ఆ లేవడం ఎంతో కష్టమైంది.

సాయంత్రం శెట్టి వచ్చాడు. రాణీగారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. గవరయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఇంజను మేలైనది. చట్రం మేలైనది. చెక్కకు చెద లేదు. కానీ ఈ బండి విలువలో సగం దాని తోకలో ఉంది. ఆ తోక లేదు. నేను మధ్యాహ్నం అనుకున్న ధరలో సగమే ఇప్పుడు నా ధర."

శెట్టి ఆశ్చర్యపోయాడు. తను రెండు కార్లు కొని మోసపోయినప్పుడు ఇలా చెప్పినవాడు ఒక్కడూ లేడు. దివాను మనసులో లెక్క వేసుకున్నాడు. సగం ధరకు కాన్పుల గది లేస్తుంది గానీ కప్పు లేవదు.

రాణీగారు కోప్పడలేదు. దివాను వైపు తిరిగి అడిగారు. "సాంబమూర్తిగారూ, మూత ఊడదీసిన సంగతి నాకు తెలుసు. మామగారు దాన్ని పారేయించలేదని కూడా విన్నాను. పాతదే బిగించారనుకున్నాను నేను. అదేమైంది?"

దివాను ఇక దాచకుండా చెప్పాడు. "ఉందమ్మా. బయటికి తీస్తే అసలు ఎందుకు ఊడిందని అడుగుతారు. బిగించడానికి పట్నంనుంచి పనివాణ్ణి పిలిస్తే వాడు నలుగురికీ చెబుతాడు. అందుకని అక్కడే ఉంచేశాను."

"ఎక్కడ?"

"ఉలవల గాదె మీద."

అందరూ గుర్రాల సాలకు నడిచారు. అందులో ఇప్పుడు గుర్రాలు లేవు, ఎద్దులు ఉన్నాయి. మూలన ఉలవల గాదె ఉంది. దాని మీద ఎలకలు దిగకుండా బోర్లించిన మూత ఒకటి, దాని మీద నాగటి సామాను, దాని మీద ఎన్నేళ్లదో దుమ్ము. శెట్టి పట్టు ఉత్తరీయం సంగతి మరిచిపోయి సామాను తానే దించాడు. గవరయ్య తువ్వాలు తడిపి తుడిచాడు.

తుడిచిన చోట నెమలి మెడ రంగు బయటపడింది. బజారులో దొరికే నీలం కాదు. ఒక వైపునుంచి చూస్తే పచ్చ, ఇంకో వైపునుంచి చూస్తే నీలం. అంచున కంపెనీవాళ్ల ముద్ర చెక్కుచెదరలేదు. గవరయ్య అయస్కాంతం ఆనించాడు. ఠక్కున అతుక్కుంది.

"ఇప్పుడు నా మాట మారుతుంది శెట్టిగారూ," అన్నాడు గవరయ్య. "తోక దొరికింది. అసలు రంగు ఏదో కూడా తెలిసింది, కాబట్టి బండికంతా ఆ రంగు వేయించుకోవచ్చు. బిగింపు ఖర్చు తీసేసి, నేను మొదట అనుకున్న ధర పూర్తిగా ఇవ్వాలి. బేరాలు లేవు."

ఈ మాట ఇంకొకరు చెప్పి ఉంటే శెట్టి పోట్లాడేవాడే. "తగ్గించినప్పుడు నమ్మి, పెంచినప్పుడు నమ్మకపోతే నేనేం మనిషిని," అని అక్కడే ఒప్పుకున్నాడు. రోగులను మోసిన బండి అని ఒక రేకు మీద చెక్కించి లోపల పెట్టించుకుంటానని కూడా అన్నాడు.

రాణీగారు లోపలికి వెళ్లి మజ్జిగ గ్లాసు తానే తెచ్చారు. గవరయ్య నిలబడే తాగాడు, ఇంకో గ్లాసు అడిగి మరీ తాగాడు. తెచ్చి ఇచ్చింది మాత్రం ఈసారి దివాను. గవరయ్య గ్లాసు అందుకుని అతని భుజం తట్టాడు.

మరుసటి వానాకాలం ఏరు ఎప్పటిలాగే పొంగింది. గట్టు మీద మాత్రం పడవ కోసం ఏ తల్లీ ఎదురుచూడలేదు. ఉలవల గాదెకు దివాను కొత్తగా చెక్కమూత చేయించాడు.

నీతి: లోపాన్ని దాచిపెట్టేవాడు, ఆ లోపాన్ని సరిచేసే దారిని కూడా దాంతోపాటే దాచిపెడతాడు.