పరుపుల హుస్సేనయ్య అడిగిన ప్రశ్న

వినుకొండలో పరుపులు, దిండ్లు కుట్టించి అమ్మే నూర్‌బాషా హుస్సేనయ్య మంచివాడే కానీ, ఎదుటివాళ్ళకు ఏం కావాలో వాళ్ళను అడగకుండా తానే తేల్చేసే అలవాటు ఒకటి ఆయనకు ఉండేది.

ఒకసారి రిటైరైన మాస్టారు ఒకాయన వచ్చి పలచటి పరుపు కావాలన్నాడు. "ఈ వయసులో పలచటి పరుపేమిటండీ, నడుం పట్టేస్తుంది" అని హుస్సేనయ్య జానెడు మందాన బూరుగుదూది కూరి పంపించాడు. నాలుగో రోజున మాస్టారు ఆ పరుపును ఆటోలో వేసుకుని తిరిగి వచ్చాడు.

"నాయనా, ఇందులో పడుకుంటే నన్ను లేపడానికి ఇద్దరు మనుషులు కావాలి" అన్నాడు.

"ఆయన మంచి కోరే చేశాను కదా!" అని హుస్సేనయ్య ఇంటికి వెళ్ళి భార్య కాశింబీతో వాపోయాడు.

"అడిగి చేసుంటే ఇంకా మంచిగా ఉండేది" అంది కాశింబీ. హుస్సేనయ్య ఆ మాట వినిపించుకోలేదు.

దూదేకడం వాళ్ళకు తాతల నాటి వృత్తి. కొట్టు వెనక రేకుల షెడ్డులో ఏడుగురు పనివాళ్ళు ఉండేవారు. దూది ఏకే యంత్రం మాత్రం బాగా పాతది. ఒక రోజు తిరిగితే రెండు రోజులు మొరాయించేది. అది ఆగితే ఏడుగురి చేతులూ ఆగిపోయేవి. ఊళ్ళో ఫోము పరుపుల దుకాణాలు రెండు వెలిశాయి. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆర్డర్లు వచ్చినా హుస్సేనయ్య సమయానికి ఇవ్వలేకపోయేవాడు. వచ్చిన బేరాలు ఒక్కొక్కటే పక్క దుకాణాలకు పోతుంటే చూస్తూ కూర్చునేవాడు. కొత్త యంత్రం కొనే శక్తి ఆయనకు లేదు.

ఆ సమయంలో ఒక ప్రభుత్వ పథకం సంగతి తెలిసింది. మైనారిటీలు నడుపుకునే చిన్న వ్యాపారాల్లో దివ్యాంగులకు ఉద్యోగాలు ఇస్తే, యంత్రం ఖరీదులో చాలా భాగం ప్రభుత్వమే భరిస్తుంది. ఏడాదిపాటు వాళ్ళ జీతంలో సగం కూడా ఇస్తుంది. షరతు ఒక్కటే. వాళ్ళకు పని నేర్పించాలి, వాళ్ళ చేత నిజంగా పని చేయించాలి. ఊరికే పేర్లు రాసుకుంటే యంత్రాన్ని వెనక్కి తీసుకుపోతారు.

హుస్సేనయ్య సంబరపడి దరఖాస్తు పెట్టాడు. యంత్రం వచ్చింది. ఇద్దరు పనివాళ్ళు కూడా వచ్చారు. ఒకరు సుగుణమ్మ. ముప్పై అయిదేళ్ళ మనిషి. చిన్నప్పుడే జ్వరం వచ్చి చూపు పోయింది. ఇంకొకడు దస్తగిరి. పోలియోతో రెండు కాళ్ళూ సన్నబడి, చంకకర్రలతో నడిచేవాడు. సుగుణమ్మకు అదే మొదటి ఉద్యోగం. మొదటి రోజున ఇస్త్రీ చీర కట్టుకుని, టైముకు అరగంట ముందే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

షెడ్డులో ఒక మూల, ఫ్యాను కింద, హుస్సేనయ్య రెండు కుర్చీలు వేయించాడు.

"నా పని ఏమిటండీ?" అని సుగుణమ్మ అడిగింది.

"పనేమిటమ్మా! హాయిగా కూర్చో. ఇక్కడంతా దబ్బనాలు, కత్తెరలు. నీకేమన్నా గుచ్చుకుంటే ఆ పాపం నాకెందుకు? జీతం ఒకటో తారీకుకల్లా ఇస్తాను."

"మరి నేను, మామా?" అన్నాడు దస్తగిరి.

"నడవడమే కష్టం గదరా నీకు. కుర్చీ దిగకు" అన్నాడు హుస్సేనయ్య.

ఆయన అది దయ అనే నమ్మాడు. పూటకో టీ తెప్పించి ఇచ్చేవాడు. కొట్టుకు వచ్చిన వాళ్ళతో, "పాపం, ఏమీ చేయలేని వాళ్ళు. ఇద్దరికీ కూర్చోబెట్టి అన్నం పెడుతున్నాను" అని చెప్పుకునేవాడు. ఆ మాట ప్రతిసారీ షెడ్డులోకి వినపడేది. వినపడినప్పుడల్లా దస్తగిరి తల దించుకునేవాడు. సుగుణమ్మ చీర కొంగును వేళ్ళకు చుట్టుకుంటూ కూర్చునేది. తక్కిన ఏడుగురూ పనిలో మునిగి ఉండేవారు. వాళ్ళ మధ్య కత్తెరల చప్పుడు, మాటలు, నవ్వులు. ఈ మూల మాత్రం ఫ్యాను చప్పుడు ఒక్కటే.

అలా రెండు నెలలు గడిచాయి. ఒక సోమవారం జిల్లా ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. గురువారం తనిఖీకి వస్తున్నామని అందులో ఉంది. హుస్సేనయ్యకు యంత్రం పోతుందన్న భయం పట్టుకుంది. గబగబా ఆ ఇద్దరి దగ్గరికి వెళ్ళాడు.

"ఆఫీసరు వచ్చి అడిగితే, రోజూ దిండ్లు కుడుతున్నామని చెప్పండి. మీ చేతికి ఒక్కో దిండు ఇస్తాను. పట్టుకుని కూర్చోండి చాలు."

"దిండు పట్టుకోవడం ఉద్యోగమా అండీ?" అంది సుగుణమ్మ.

"ఒక్క పూటే కదమ్మా!"

సుగుణమ్మ మర్నాడు పనికి రాలేదు.

పదకొండు గంటలదాకా చూసి హుస్సేనయ్య మనిషిని పంపాడు. రానని కబురు వచ్చింది. ఇద్దరిలో ఒకరు లేకపోయినా యంత్రం పోతుంది. ఇక ఆగలేక తానే సైకిలెక్కి వాళ్ళ ఇంటికి వెళ్ళాడు.

తలుపు తీసే ఉంది. లోపల సుగుణమ్మ కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతోంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. ముక్కలన్నీ ఒకే తీరుగా పళ్ళెంలో పడుతున్నాయి.

"అమ్మా, జాగ్రత్త! వేలు తెగుతుంది!" అని హుస్సేనయ్య గుమ్మంలోంచే అరిచాడు.

"రండి, కూర్చోండి" అంది సుగుణమ్మ, చేతిలో పని ఆపకుండా. "పద్దెనిమిదేళ్ళ నుంచి కోస్తున్నానండీ. మొదట్లో రెండుసార్లు తెగింది. మీకు దబ్బనం ఎప్పుడూ గుచ్చుకోలేదా?"

హుస్సేనయ్య తన బొటనవేలు చూసుకున్నాడు. దాని నిండా పాత మచ్చలే.

ఆయన గొంతు తగ్గించి అన్నాడు. "నా మీద కోపం ఉంటే ఉండనీ తల్లీ. యంత్రం పోతే కొట్టు మూతపడుతుంది. ఆ ఏడుగురి మొహం చూసైనా రా."

"ఏడుగురు కాదండీ, తొమ్మిది మందిమి" అంది సుగుణమ్మ. "మమ్మల్ని మీరు ఆ లెక్కలో ఎప్పుడూ వేసుకోలేదు. రోజూ ఇంటికి రాగానే మా అమ్మాయి అడుగుతుంది, అమ్మా ఇవాళ ఏం కుట్టావు అని. నేను మాట మార్చేస్తాను. నా బిడ్డతో నిజం చెప్పలేకపోతున్నాను. ఇంక ఆఫీసరుతో అబద్ధం కూడా చెప్పమంటారా?"

హుస్సేనయ్య తల వంచుకున్నాడు. పొయ్యి మీద పప్పు పొంగబోయింది. సుగుణమ్మ లేచి, తడుముకోకుండా వెళ్ళి మూత తీసి, మంట తగ్గించి వచ్చింది. అదంతా చూస్తున్న హుస్సేనయ్య నోటి నుంచి రెండు నెలలుగా రాని ప్రశ్న అప్పుడు వచ్చింది.

"మరి నువ్వు ఏ పని చేయగలవమ్మా?"

సుగుణమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. హుస్సేనయ్య కూడా తొందరపడి తానే చెప్పేయలేదు. నోరు మూసుకుని ఎదురుచూశాడు.

"నాకూ తెలీదండీ. చేయనిస్తే కదా తెలిసేది!" అంది సుగుణమ్మ.

బుధవారం పొద్దున్నే ఆమె పనికి వచ్చింది. హుస్సేనయ్య దస్తగిరి దగ్గరికి వెళ్ళి, "నువ్వు చెప్పరా. నీకేం కావాలి?" అని అడిగాడు.

"మామా, మనవాళ్ళు పరుపు కుట్టేది నేల మీద కూర్చునే కదా? మా ఇంట్లో నేను కూర్చునేదీ నేల మీదే. నన్ను కుర్చీ ఎందుకు ఎక్కించావు?"

షెడ్డంతా గొల్లున నవ్వింది. హుస్సేనయ్యకు సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. దస్తగిరి చంకకర్రలు గోడకు ఆనించి, కిందికి దిగి, పరుపు అంచు ఒళ్ళోకి లాక్కున్నాడు. రెండు నెలలు కుర్చీలోంచి చూసీ చూసీ ఆ కుట్టు అతనికి సగం వచ్చేసింది. మొదటి వరస వంకర పోయింది. విప్పి మళ్ళీ కుట్టాడు.

సుగుణమ్మను పీరమ్మ తన పక్కన కూర్చోబెట్టుకుంది. పీరమ్మ ఆ షెడ్డులో అందరికన్నా పెద్దది. సుగుణమ్మ చేతులు తన చేతుల్లోకి తీసుకుని, దిండు గలీబులోకి దూది ఎలా కూరాలో, మూలలకు ఎలా నెట్టాలో చూపించింది.

"ఒక్కటే అడుగుతాను" అంది సుగుణమ్మ. "దూది బుట్ట, గలీబులు పెట్టిన చోటే ఉండాలి. ఎవరూ జరపకండి."

"అంతేనా?" అన్నాడు హుస్సేనయ్య. ఆమె కోసం ఏవేవో ఏర్పాట్లు చేయాల్సి వస్తుందని, అది తన వల్ల కాదని ఆయన ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

మొదటి దిండు ఖాళీ సంచిలా వేలాడింది. రెండో దిండులో మరీ గట్టిగా కూరేసరికి కుట్టు ఫట్టున తెగింది. ఏకిన దూది ఎగిరి అందరి మీదా పడింది. సుగుణమ్మ బెదిరిపోయి చేతులు వెనక్కి తీసుకుంది.

"అయ్యో, ఏమైంది?"

"ఏం లేదమ్మా, నా గడ్డం ఒక్క క్షణంలో నెరిసింది" అన్నాడు హుస్సేనయ్య. పీరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. సుగుణమ్మ కూడా నవ్వింది. ఆ షెడ్డులో ఆమె నవ్వడం అదే మొదటిసారి. సాయంత్రానికి ఆమె చేతి కింద నాలుగు దిండ్లు బాగా వచ్చాయి.

గురువారం ఆఫీసరు వచ్చింది. పేరు హేమనళిని. సన్నగా, తక్కువ మాట్లాడే మనిషి. యంత్రం చూసింది. హాజరు పుస్తకం చూసింది. తర్వాత హుస్సేనయ్యను అడిగింది.

"వీళ్ళిద్దరూ రెండు నెలలుగా పని చేస్తున్నారా?"

అవునంటే అయిపోయేది. పుస్తకంలో రెండు నెలల హాజరు ఉంది. ఎదురుగా ఇద్దరూ పనిలోనే ఉన్నారు. షెడ్డులో కత్తెరలు ఆగిపోయాయి. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. హుస్సేనయ్య ఒకసారి సుగుణమ్మ వైపు చూశాడు.

"లేదు మేడం. రెండు నెలలూ కుర్చీల్లో కూర్చోబెట్టాను. వీళ్ళ వల్ల కాదని నాకు నేనే అనుకున్నాను. నిన్నటి నుంచే పని చేస్తున్నారు. తప్పు నాది. వీళ్ళు మొదటి రోజే పని అడిగారు."

హేమనళిని సుగుణమ్మ దగ్గరికి వెళ్ళి, పక్కనున్న దిండు ఒకటి తీసి నొక్కి చూసింది.

"ఈ మూల ఖాళీగా ఉందేమిటమ్మా?"

సుగుణమ్మ ఆ మూలను వేళ్ళతో తడిమింది. "అవునండీ, ఇంకా సరిగ్గా కుదరట్లేదు. ఎక్కువ కూరితే కుట్టు తెగుతోంది. తక్కువైతే మూలకు చేరట్లేదు. అక్కడ చిన్న చిన్న పిడికిళ్ళతో కూరాలని పీరమ్మక్క చెప్పింది. ఇవాళ అలాగే చేస్తున్నాను."

అప్పుడు హేమనళిని నవ్వింది. "పని చేయని వాళ్ళకు ఈ బాధ తెలియదు" అంది.

ఆమె అక్కడున్న ఒక పెట్టె మీద కూర్చుని కాగితం రాసింది. రాయడం ముగించి హుస్సేనయ్యకు చెప్పింది. "ఆ రెండు నెలలకు ప్రభుత్వం వాటా జీతం రాదు. అది మీరే పెట్టుకోవాలి. మూడు నెలల తర్వాత మళ్ళీ వస్తాను. అప్పటికి వీళ్ళు పనిలో కుదురుకుంటే యంత్రం మీదే. అబద్ధం చెప్పి ఉంటే ఈ రోజే తీసుకుపోయేదాన్ని. ఇరుగుపొరుగును వాకబు చేశాకే లోపలికి వచ్చాను."

హుస్సేనయ్య దూది మూట మీద కూలబడ్డాడు. పోతుందనుకున్న కొట్టు నిలబడింది. పీరమ్మ ఆయనకు మంచినీళ్ళు ఇచ్చింది. ఆఫీసరు జీపు వీధి మలుపు తిరిగేదాకా బిగబట్టుకుని కూర్చున్న తొమ్మిది మందీ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు.

ఆ మూడు నెలల్లో దస్తగిరి పరుపు అంచులు కుట్టడంలో చెయ్యి తిరిగినవాడయ్యాడు. కుట్టు దూరం విషయంలో హుస్సేనయ్యతోనే వాదన వేసుకునేవాడు. సుగుణమ్మ దిండ్లు కూరడంతో పాటు బూరుగుదూదిలో గింజలు ఏరడం కూడా నేర్చుకుంది. ఒక్కోరోజు ఆమె పని తక్కువయ్యేది. ఒక్కోరోజు పీరమ్మతో సమానంగా చేసేది. అందరిలాగే. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆర్డర్లన్నీ సమయానికి వెళ్ళాయి.

హేమనళిని చెప్పినట్టే మళ్ళీ వచ్చి, అరగంట చూసి, ఏమీ చెప్పకుండానే వెళ్ళిపోయింది. పది రోజులకు ఉత్తరం వచ్చింది. దస్తగిరి దాన్ని పైకి చదివాడు. యంత్రం హుస్సేనయ్యదేనని, ఇద్దరి ఉద్యోగాలూ ఖాయమని అందులో రాసి ఉంది. సుగుణమ్మ ఆ చివరి వాక్యాన్ని ఇంకోసారి చదవమంది. దస్తగిరి చదివాడు. కబురు విని వచ్చిన కాశింబీ కొంగుతో కళ్ళు తుడుచుకుని, షీర్‌ఖుర్మా పాయసం చేస్తానని ఇంటికి పరుగెత్తింది. హుస్సేనయ్య యంత్రం స్విచ్చి వేశాడు. తొమ్మిది మందీ పనిలో పడ్డారు.

నీతి: మనిషిని చూసి జాలిపడి ఊరికే కూర్చోబెట్టడం సాయం కాదు, ఏం చేయగలవని అడిగి, నేర్చుకోనిచ్చి, పని అప్పగించడమే నిజమైన సాయం.