ఎందుకొచ్చావు?

పెద్దకాలువ ఒడ్డున ఈదులపాలెం చర్చిలో దారా సమాధానం అనే సంఘపెద్ద ఉండేవాడు, ఆయనకు ఆ గుమ్మం కొత్తగా తొక్కిన ప్రతి మనిషి మీదా అనుమానమే. పేరుకు సమాధానం గానీ, ఆయన నోట వచ్చేవన్నీ ప్రశ్నలే. ప్రార్థనలో ఎవరైనా ఎక్కువసేపు కళ్ళు మూసుకుంటే నిద్రపోతున్నాడనేవాడు. త్వరగా తెరిస్తే భక్తి లేదనేవాడు.

ఊరికే పుట్టిన అనుమానం కాదది. చాలా ఏళ్ళ కిందట టీకొట్టు దగ్గర ఒకాయన పదిమందిలో, "మీ తాతలు ధాత కరువులో గంజికి ఆశపడి మతం మారినవాళ్ళేగా" అన్నాడు. ఆ మాట సమాధానం మనసులో ముల్లులా ఉండిపోయింది. అందుకే ప్రతి ఏటా చర్చి వార్షికోత్సవంలో లేచి, తన ముత్తాత ఎర్రయ్య వాక్యం విని, ఎవరూ పిలవకుండానే కాలువలోకి దిగి బాప్తీస్మం అడిగాడని చెప్పేవాడు. ఆ కథ ఆయనకు వాళ్ళ నాయన చెప్పాడు. మిషనరీ దొరల కాలం నాటి చర్చి పాత మినిట్స్ పుస్తకం ఆయన ఇంట్లోనే ట్రంకుపెట్టెలో ఉండేది. అందులోదంతా గొలుసుకట్టు రాత. తెలిసిన కథేగదా అని ఆయన దాన్ని ఏనాడూ తెరవలేదు.

ఒక ఏడాది తుపానుకు కాలువ పొంగి యానాదుల గుడిసెలు మునిగాయి. చర్చి తలుపులు తీసి వాళ్ళకు నాలుగు రోజులు చోటిచ్చారు. నీళ్ళు తీశాక అందరూ వెళ్ళిపోయారు. ఏకొల్లు చెంచయ్య అనే ముసలాయన మాత్రం, కూతురు రవణమ్మ చెయ్యి పట్టుకుని, ఆదివారం ఆదివారం రాసాగాడు. చివరి చాప మీద కూర్చుని, పాట మొదలైతే తనూ పెదవులు కదిపేవాడు. ఆరు నెలలు గడిచాక తనకు బాప్తీస్మం ఇమ్మని అడిగాడు.

సమాధానానికి వెంటనే అనుమానం వచ్చింది. అప్పటికి పంచాయతీ ఎన్నికలు రెండు నెలల్లో ఉన్నాయి. ప్రెసిడెంటు పదవికి నిలబడ్డ ఒకాయన యానాదులకు ఇళ్ళ స్థలాలు ఇప్పిస్తానని తిరుగుతున్నాడు. చర్చి ఓట్ల కోసం అతనే ఈ ముసలాణ్ణి లోపలికి తోశాడేమో. లేదా, చర్చివాళ్ళు బియ్యమిచ్చి మనుషుల్ని మారుస్తున్నారని అర్జీ పెట్టడానికి అవతలి పార్టీవాళ్ళు పంపారేమో. రెండు పార్టీలూ కూడబలుక్కుని పంపి ఉండవచ్చని కూడా ఆయనకు తోచింది.

ఆ చర్చిలో ఒక పద్ధతి ఉంది. బాప్తీస్మం అడిగినవాళ్ళను సంఘం ముందు నిలబెట్టి, పెద్దలు "ఎందుకొచ్చావు?" అని అడుగుతారు. జవాబు నచ్చితే సంతకం పెడతారు; ఒక్క పెద్ద పెట్టకపోయినా బాప్తీస్మం ఆగిపోతుంది. అందరూ చెప్పే జవాబు ఒకటుంది: "నా పాపాలు ఒప్పుకుని, ప్రభువును సొంత రక్షకుడిగా అంగీకరించి వచ్చాను." చర్చిలో పెరిగిన పిల్లలు దాన్ని గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. చెంచయ్యకు మాత్రం దాన్ని ఎవరూ నేర్పలేదు.

"ఎందుకొచ్చావు చెంచయ్యా?" అని సమాధానం అడిగాడు.

"వానకొచ్చానయ్యా" అన్నాడు చెంచయ్య.

కొందరు ముసిముసిగా నవ్వారు.

"అది తుపాను నాటి సంగతి. ఇప్పుడెందుకొస్తున్నావు?"

"వాన నిలిచినాక పోదామనుకున్నా. పోబుద్ధి కాలా."

"నిన్ను ఎవరు పంపారు?"

"ఎవురూ పంపలేదయ్యా. నా కాళ్ళే తీసుకొచ్చినాయి."

సమాధానం మిగతా పెద్దల వైపు తిరిగాడు. "విన్నారుగా, వానకొచ్చాడంట. రేపు ఎండ కాస్తే పోతాడు" అన్నాడు. సంతకం పెట్టలేదు.

వయసులో చిన్నవాడైన పాస్టరు కృపావరం గారు ఆయన్ను పక్కకు పిలిచి బతిమాలారు. "పెద్దాయనా, ఆ మనిషికి దగ్గు ముదిరింది. ఎక్కువ రోజులు ఆగేలా లేడు."

"ఎన్నికలు కానీయండి అయ్యగారూ. అప్పటికీ వస్తుంటే చూద్దాం. మళ్ళీ ఎవరూ మనల్ని వేలెత్తి చూపకూడదు" అన్నాడు సమాధానం.

ఎన్నికలయ్యాయి. స్థలాలు ఇప్పిస్తానన్నాయన ఓడిపోయాడు. చెంచయ్య వస్తూనే ఉన్నాడు. వచ్చే ఎన్నికల కోసం ఇప్పటినుంచే కాచుకుని కూర్చున్నాడేమో అనుకున్నాడు సమాధానం. తర్వాత కొన్ని వారాలకు చెంచయ్య మంచాన పడి రావడం మానేశాడు. "చూశారా, మానేశాడు" అన్నాడు సమాధానం, గెలిచినవాడిలా.

ఒక బుధవారం పొద్దున రవణమ్మ వచ్చి ఆయన వాకిట్లో నిలబడింది.

"నాయన పోయినాడయ్యా. మీ సమాధుల దొడ్లో కాస్త చోటు అడగమన్నాడు" అంది.

ఇవాళ చోటిస్తే రేపు దొడ్డిలో వాటా అడుగుతారేమోనని సమాధానానికి మళ్ళీ అనుమానం వచ్చింది. "బాప్తీస్మం లేనివాళ్ళను పెట్టకూడదని రూలుందమ్మా. పాత పుస్తకంలోనే ఉంటుంది, చూపిస్తా ఉండు" అని లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె తెరిచాడు.

అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రూలు కోసం వెతుకుతుంటే ముత్తాత పేరు కనిపించింది. ఆయన మొహం వెలిగిపోయింది. కళ్ళజోడు సర్దుకుని చదివాడు.

"దారా యెర్రడు. కరువులో కాలువ తవ్వు పనికి వచ్చినవాడు. యెందుకు వచ్చితివని అడుగగా, గంజికి వచ్చితిననియు, కడుపు నిండిన పిమ్మట పోవుటకు మనసు రాలేదనియు చెప్పెను. పెద్దలు అనుమానపడిరి. దొరగారు, ఇతడు నిజము చెప్పెను, ఇంతకన్న సాక్ష్యమేమి కావలెనని బాప్తీస్మమిచ్చిరి."

సమాధానం దాన్ని మూడుసార్లు చదివాడు. ఇన్నేళ్ళూ తను కాదంటూ వచ్చిన మాటను ముత్తాత సంఘం ముందు నిలబడి నోరారా చెప్పాడు. ఆ మాటే ఆయన్ను లోపలికి తెచ్చింది. చెంచయ్య కూడా అదే చెప్పాడు. తను మాత్రం ఆ నిజం విని కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. సమాధానానికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"రూలు దొరికిందా అయ్యా?" అని బయటినుంచి రవణమ్మ అడిగింది.

ఆయన పుస్తకం పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. "దొరికిందమ్మా. మీ నాయన్ను తీసుకురండి" అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఎర్రయ్య సమాధి పక్కన, తనకోసం ఉంచుకున్న చోట, చెంచయ్యను పెట్టించాడు. పాడె ఒక కొమ్ము తనే మోశాడు. "బాప్తీస్మం లేదుగా?" అని ఎవరో గొణిగారు. "ఆయన అడిగాడు. ఇవ్వనీయకుండా ఆపింది నేను" అన్నాడు సమాధానం.

ఆ ఏడాది వార్షికోత్సవంలో ఆయన లేచి, "మా ముత్తాత గంజికొచ్చాడు. చెంచయ్య వానకొచ్చాడు. ఇద్దరూ నిజం చెప్పారు" అని కూర్చున్నాడు. టీకొట్టు మాట ఆయనకు ఆ తర్వాత గుచ్చుకోలేదు. కానీ కాలువ గట్టున ఎవరికైనా బాప్తీస్మం ఇస్తున్నప్పుడల్లా ఆయన తల వంచుకునేవాడు. చెంచయ్య అడిగిన ఆ నీళ్ళు ఇక ఎవరూ ఇవ్వలేరు.

నీతి: తనవాళ్ళు ఎందుకొచ్చారో మరచినవాడికి వచ్చే ప్రతివాడూ దొంగలాగే కనిపిస్తాడు, కాబట్టి ఎదుటివాణ్ణి అనుమానించే ముందు మన చరిత్రను మనం నిజాయితీగా చదువుకోవాలి.